విజన్ ఇంటి గొడవ: ఎవరి మెదడు ఎవరిలో ఉంది, తప్పు ఎక్కడ మొదలైంది

మార్వెల్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌లో చూసినవాళ్ళకి విజన్ అంటే ఎర్ర మొహం, నుదుటి మీద మెరిసే రాయి, గోడల్లోంచి దూరిపోయే ఒక మర్యాదస్తుడు. కామిక్స్‌లో మాత్రం ఆయనకి పెద్ద సంసారమే ఉంది. భార్య, కవల పిల్లలు, తర్వాత ఒక కుక్క కూడా వచ్చి చేరుతుంది. ఆ సంసారం మీద టామ్ కింగ్ రాసిన 12 సంచికల కథ 2015 నవంబర్‌లో మొదలై 2016 అక్టోబర్‌లో అయిపోయింది, 2017లో బెస్ట్ లిమిటెడ్ సిరీస్‌గా కామిక్స్ రంగంలో పెద్దదైన ఐస్నర్ అవార్డు కొట్టింది. పేరు సింపుల్‌గా 'ది విజన్'. బొమ్మలు గాబ్రియెల్ హెర్నాండెజ్ వాల్టా, రంగులు జోర్డీ బెల్లైర్, ఆ ఆకులు రాలే కాలం రంగులు చూస్తే ఈ ఇంట్లో ఏదో తేడాగా ఉందని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

దీన్ని చదివినవాళ్ళు చాలామంది "మిషన్లు మనుషులు కాగలవా అనే కథ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకైతే అది సగమే కరెక్ట్ అనిపిస్తుంది. ఈ కుటుంబం మనుషుల్లా మారడంలో ఫెయిల్ అవ్వలేదు, నిజం చెప్పాలంటే మొదట్లోనే పాస్ అయిపోయింది, తర్వాత జరిగిన ఘోరాలన్నీ ఆ పాస్ అవ్వడం వల్లే జరిగాయి. అదెలాగో అర్థం కావాలంటే ముందు ఎవరి మెదడు ఎవరిలో ఉందో తేల్చుకోవాలి, చాలామందికి బుర్ర తిరిగేది కూడా అక్కడే. స్పాయిలర్లు ఫుల్‌గా ఉన్నాయి, చివరి పేజీ దాకా చెప్పేస్తున్నా, ఇష్టం లేనివాళ్ళు ముందు కామిక్ చదివి రండి.

సినిమా విజన్‌ని ముందు పక్కన పెట్టేయండి. సినిమాలో జార్విస్, మైండ్ స్టోన్, అల్ట్రాన్ అన్నీ కలిసి విజన్ పుట్టాడు. కామిక్స్ లెక్క వేరు. 1968లో రాయ్ థామస్, జాన్ బుసెమా కలిసి అవెంజర్స్ 57వ సంచికలో విజన్‌ని దింపారు. అతన్ని తయారు చేసింది అల్ట్రాన్ అనే విలన్ రోబో, అవెంజర్స్‌ని నాశనం చేయడానికి. అయితే మెదడు కావాలి కదా, దానికోసం సైమన్ విలియమ్స్ అనే మనిషి బ్రెయిన్ ప్యాటర్న్‌లు వాడాడు. ఈ సైమన్ అంటే వండర్ మ్యాన్, 1964లోనే కథలో చచ్చిపోయాడు, చనిపోయేటప్పుడు హ్యాంక్ పిమ్ అనే సైంటిస్ట్ అతని మెదడు తరంగాల్ని రికార్డ్ చేసి పెట్టాడు, ఆ రికార్డే విజన్‌కి పునాది. అల్ట్రాన్‌ని తయారు చేసిందీ పిమ్మే. అంటే పిమ్ తాత, అల్ట్రాన్ తండ్రి, సైమన్ ఏమో అన్నకి ఎక్కువ అసలు ప్రతికి తక్కువ. శరీరం ఎక్కడిదనే దాని మీద ఇంకో పంచాయితీ ఉంది, 1939 నాటి హ్యూమన్ టార్చ్ ఆండ్రాయిడ్‌దే అని ఒక కథ, కాదని ఇంకో కథ, అందులోకి వెళ్తే ఇవాళ బయటికి రాలేం.

ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే, మెదడు తీసుకున్నప్పుడు సైమన్‌ని ఎవరూ అడగలేదు. అడగడానికి అతను బతికి లేడు. తర్వాత అతను కామిక్స్ ఆనవాయితీ ప్రకారం బతికొచ్చాడు లెండి.

సరే, విజన్ విలన్ మాట వినకుండా అవెంజర్స్‌లో చేరాడు, స్కార్లెట్ విచ్ అనే వాండాని ప్రేమించాడు, 1975లో పెళ్ళయింది. 1985లో వచ్చిన 12 సంచికల సిరీస్‌లో వీళ్ళిద్దరూ న్యూజెర్సీలో లియోనియా అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని కాపురం పెట్టారు, ఇద్దరు మగపిల్లలు, థామస్, విలియం. అంటే టామ్ కింగ్ కథ విజన్‌కి మొదటి ప్రయత్నం కాదు, సబర్బ్‌లో మామూలు సంసారం చేద్దామని ఆయన ఇంతకుముందే ఒకసారి ట్రై చేసి దెబ్బతిన్నాడు. ఎలాంటి దెబ్బ అంటే, 1989లో జాన్ బర్న్ రాసిన కథలో విజన్‌ని ముక్కలుగా విప్పేశారు, మళ్ళీ కట్టినప్పుడు తెల్లగా, ఏ ఎమోషనూ లేకుండా తయారయ్యాడు, మళ్ళీ మామూలు మనిషి అవ్వాలంటే సైమన్ బ్రెయిన్ ప్యాటర్న్ ఇంకోసారి కావాలి, అడిగితే సైమన్ ఇవ్వనన్నాడు. ఎందుకంటే లోపల లోపల అతనికీ వాండా అంటే ఇష్టం. ఆ మీదట పిల్లలు కూడా అసలు పిల్లలే కాదు, మెఫిస్టో అనే దయ్యం ఆత్మ ముక్కలు అని తేలి మాయమైపోయారు. 2021లో వచ్చిన టీవీ సిరీస్‌లో చూసిన కవలలు ఈ పాత పిల్లల లైన్ నుంచి వచ్చినవాళ్ళు, మన కథలో పిల్లలు వేరు, కలిపేసుకోవద్దు.

ఇంత జరిగాక 2015లో విజన్ ఏం చేశాడంటే, తన పాత జ్ఞాపకాలకి అంటుకున్న ఎమోషన్లని డిలీట్ చేసుకున్నాడు. జరిగినవన్నీ గుర్తుంటాయి, నొప్పి మాత్రం ఉండదు. అలా తుడిచేసుకున్న మనిషి కూర్చుని కొత్త కుటుంబాన్ని తయారు చేసుకున్నాడు, భార్య పేరు వర్జీనియా, కూతురు వివ్, కొడుకు విన్. వర్జీనియా మెదడు ఎక్కడిది అనేది కథలో చాలాసేపు చెప్పరు, 7వ సంచికలో తెలుస్తుంది, అది వాండాది. మాజీ భార్య తన బ్రెయిన్‌వేవ్స్ కాపీ తనే ఇచ్చింది, విజన్ వాటితో కొత్త భార్యని చేసుకున్నాడు. పిల్లల మెదళ్ళు విజన్, వర్జీనియాలవి కలిపి చేసినవి.

ఒక్క నిమిషం ఆగి దీన్ని ఆలోచించండి. మనిషి ఎవరైనా విడాకులైన భార్య అచ్చు దించి ఇంకో మనిషిని తయారు చేసుకుని, ఆవిడతో కాపురం పెట్టి, అలా కలిపి పిల్లల్ని కని, మాది మామూలు కుటుంబం అంటే మనం ఏమంటాం? అందులో మిషన్ ప్రాబ్లం ఏముంది, అది చాలా పాత మగబుద్ధి. వాండా ఒప్పుకుంది, విజన్‌కి కావాలి, మధ్యలో వర్జీనియాని అడిగినవాళ్ళు లేరు. సైమన్‌కి జరిగిందే ఈవిడకీ జరిగింది, కాకపోతే రివర్స్‌లో. సైమన్‌ని అడక్కుండా అతని దగ్గర తీసుకున్నారు, వర్జీనియాకి అడక్కుండా ఇంకొకరి మనసు పెట్టేశారు.

ఇప్పుడు ఇల్లు. 616, హికరీ బ్రాంచ్ లేన్, ఆర్లింగ్టన్, వర్జీనియా. 616 అంటే మార్వెల్ ప్రధాన ప్రపంచానికి ఉన్న నంబర్, ఫ్యాన్స్ కోసం వేసిన చిన్న జోక్. ఆర్లింగ్టన్ అంటే వాషింగ్టన్‌కి నది అవతల, పెంటగాన్ ఉన్న చోటు, ఆ చుట్టుపక్కల ప్రభుత్వ ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎక్కువ. విజన్ కూడా వైట్‌హౌస్‌కి, అవెంజర్స్‌కి మధ్య పని చూసుకునే ఉద్యోగం పెట్టుకున్నాడు. నార్తర్న్ వర్జీనియాలో మనవాళ్ళు కూడా బోలెడుమంది ఉన్నారు, కొత్తగా ఇల్లు కొనుక్కుని వెళ్ళినప్పుడు లాన్ సరిగ్గా కత్తిరించారా లేదా, ట్రాష్ డబ్బా ఏ రోజు బయట పెట్టాలి, పక్కింటావిడ కుకీలు తెస్తే తిరిగి ఏం ఇవ్వాలి అని ఆ టెన్షన్ పడ్డవాళ్ళకి మొదటి సంచిక ఎక్కడో తగులుతుంది.

ఆ కుకీల సీనే తీసుకోండి. పక్కింటి జార్జ్, నోరా దంపతులు కుకీలు పట్టుకుని వస్తారు. వీళ్ళేమో తిండి తినే జాతి కాదు. అయినా తీసుకుంటారు, థాంక్స్ చెప్తారు, ఇల్లంతా చూపిస్తారు. ఇంట్లో గాల్లో తేలే ఒక పూలకుండీ ఉంటుంది, సిల్వర్ సర్ఫర్ అనే అంతరిక్ష హీరో ఇచ్చిన గిఫ్ట్, జెన్-లా అనే గ్రహానిది, చూడటానికి భలే ఉంటుంది గానీ అందులో నీళ్ళు విషం, పువ్వులు పెడితే చచ్చిపోతాయి. పువ్వులు పెట్టలేని పూలకుండీ, తినలేని కుకీలు. ఈ కుండీని గుర్తుపెట్టుకోండి. ఆ పక్కింటి దంపతులు ముందు ముందు మంటల్లో చనిపోతారని కథకురాలు అప్పుడే, అదే సీన్‌లో, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పేస్తుంది, చదివేవాడికి వెన్నులో చలి పుట్టేది అక్కడే.

తర్వాత గొలుసు మొదలవుతుంది. విజన్ ఇంట్లో లేనప్పుడు గ్రిమ్ రీపర్ అనే విలన్ ఇంట్లోకి జొరబడతాడు. వీడి అసలు పేరు ఎరిక్ విలియమ్స్, అంటే సైమన్ అన్న. "మా తమ్ముడి దొంగ కాపీలు మీరంతా" అన్నది వాడి బాధ. చేతికి ఉన్న కొడవలితో వివ్‌ని దాదాపు చంపేసినంత పని చేస్తాడు. వర్జీనియా వంటింట్లో కుకీలు కాల్చే రేకు ట్రే తీసుకుని వాణ్ణి కొడుతుంది, కింద పడతాడు, మళ్ళీ కొడుతుంది, మళ్ళీ కొడుతుంది. చచ్చిపోతాడు. ఇప్పటిదాకా ఆత్మరక్షణే, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆవిడ శవాన్ని పెరట్లో పాతేసి మొగుడితో వాడు పారిపోయాడని చెప్తుంది. ఎందుకు? నిజం తెలిస్తే చుట్టుపక్కలవాళ్ళు భయపడతారు, ఈ ఇల్లు పోతుంది, ఈ మామూలు సంసారం పోతుంది. నేను ముందు చెప్పిన పాస్ అవ్వడం ఇదే. పిల్లల కోసం అబద్ధం ఆడటం ఎవరూ ప్రోగ్రామ్ చేయకుండానే ఆవిడకి వచ్చేసింది.

అది ఎవడో వీడియో తీశాడు. వివ్ క్లాస్‌మేట్ క్రిస్ తండ్రి, పేరు లియోన్. బ్లాక్‌మెయిల్ చేస్తాడు. వర్జీనియా మాట్లాడదామని వాళ్ళింటికి వెళ్తుంది, అతను భయపడి తుపాకీ పేలుస్తాడు. ఇక్కడ వీళ్ళ పవర్ సంగతి చెప్పాలి, సింథజాయిడ్లు, అంటే విజన్ లాంటి కృత్రిమ మనుషులు, ఒంటి సాంద్రత మార్చుకోగలరు, వజ్రంలా గట్టిపడగలరు, గాలిలా పలచబడగలరు. బుల్లెట్ రాగానే ఆవిడ పలచబడింది. బుల్లెట్ ఆవిడలోంచి దూసుకుపోయి వెనకాల ఉన్న క్రిస్‌కి తగిలింది. సొంత తండ్రి తుపాకీకి కొడుకు పోయాడు. ఆవిడ కాల్చలేదు, కొట్టాలని కూడా వెళ్ళలేదు, ఒళ్ళు కాపాడుకుంది అంతే. ఈ ఒక్క సీన్ కోసమే నాకు టామ్ కింగ్ మీద గౌరవం, సూపర్ పవర్‌ని ఇంత చిన్నగా, ఇంత దారుణంగా వాడుకున్న రచయితలు తక్కువ.

డిటెక్టివ్ వస్తాడు. ఈసారి అబద్ధం విజన్ వంతు. ఆ రాత్రి మా ఆవిడ ఇంట్లోనే ఉంది అంటాడు. ఈ మనిషి ప్రపంచాన్ని 37 సార్లు కాపాడాడని అదే సంచిక లెక్కపెట్టి చూపిస్తుంది. 37 సార్లు కాపాడినవాడు ఒక్క అబద్ధం ఆడితే మాఫీ అయిపోతుందా అనే ప్రశ్న పాఠకుడి ముందు పడేసి వదిలేస్తుంది.

దీంతో పాటే షేక్‌స్పియర్ నడుస్తుంటాడు. విన్‌కి స్కూల్లో 'మర్చంట్ ఆఫ్ వెనిస్' పాఠం, కుర్రాడు దానికి అతుక్కుపోతాడు. అందులో యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ ప్రసంగం మనలో చాలామందికి తెలిసిందే, యూదుడికి కళ్ళు లేవా, పొడిస్తే రక్తం రాదా అని. అందరూ అక్కడిదాకా చెప్పి సమానత్వం గురించి ఎంత గొప్పగా అన్నాడో అని ఆపేస్తారు. ఆ ప్రసంగం ముగిసేది ప్రతీకారంతో. మీలాంటివాళ్ళమే అయితే మీరు అన్యాయం చేసినప్పుడు మీలాగే పగ కూడా తీర్చుకుంటాం అంటాడు షైలాక్. కామిక్ ఆ రెండో సగాన్ని పట్టుకుంది. పుస్తకంగా వచ్చినప్పుడు రెండు భాగాలకి పెట్టిన పేర్లు కూడా ఆ నాటకంలోవే, మనిషి కన్నా కాస్త తక్కువ, మృగం కన్నా కాస్త ఎక్కువ అని నాయిక పోర్షియా తనని పెళ్ళాడదామని వచ్చిన ఒకణ్ణి వెక్కిరించిన మాటలు. ఆ మాటలు పడ్డవాడు మనిషే అన్నది మర్చిపోకూడదు.

6వ సంచిక చాలామందిని ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అందులో ఉన్నట్టుండి పీ వర్సెస్ ఎన్‌పీ అనే లెక్కల ప్రాబ్లం వస్తుంది. క్లే మ్యాథమెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ 2000లో 10 లక్షల డాలర్లు బహుమతి పెట్టిన 7 ప్రశ్నల్లో ఇదొకటి, ఇప్పటికీ తేలలేదు. సింపుల్‌గా చెప్పాలంటే, పెళ్ళి భోజనాల్లో ఒకళ్ళకొకళ్ళు పడని చుట్టాలు ఒకే బల్ల దగ్గర పడకుండా కూర్చోబెట్టాలి అనుకోండి. ఎవరైనా లిస్టు రాసిస్తే అది కరెక్టా కాదా చూడటానికి రెండు నిమిషాలు. ఆ లిస్టు మనమే తయారు చేయాలంటే చుట్టాలు పెరిగేకొద్దీ పని మన చేతుల్లో ఉండదు. చూసి సరే అనగలిగిన ప్రతి సమాధానాన్నీ త్వరగా కనుక్కునే దారి కూడా ఉంటుందా లేదా అన్నదే ప్రశ్న. దీన్ని ఈ కథలోకి ఎందుకు తెచ్చారు? ఆ సంచికలోనే విజన్‌కి పెరట్లో శవం సంగతి బయటపడుతుంది, పక్కింటి కుక్క తవ్వడం వల్ల. ఇప్పుడు పోలీసులకి చెప్పాలా, దాచాలా? మంచి సమాధానం ఇదీ అని బయటనుంచి మనం టక్కున చెప్పేస్తాం. లోపల ఉన్నవాడికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఇల్లు, పరువు, అన్నీ కలిపి ఏ దారీ దొరకదు. కంప్యూటర్ లాంటి మెదడు ఉండి కూడా ఆయన చేసింది సగటు మొగుడు చేసే పనే, దాచేశాడు. చచ్చిపోయిన ఆ కుక్క మెదడు తీసుకుని పిల్లలకి కొత్త కుక్కని చేసిచ్చాడు, స్పార్కీ అని. ఇదిగో, మళ్ళీ అదే అలవాటు. పోయినదాని అచ్చు దించి ఇంకోటి చేసేసి, ఇక అంతా బాగానే ఉంది అనేయడం.

అదే సంచికలో ఇంకో సంగతి, ఇప్పటిదాకా కథ చెప్తున్న గొంతు ఎవరిదో తెలుస్తుంది. అగాథా హార్క్‌నెస్, వాండాకి మంత్రాలు నేర్పిన గురువు. ఆవిడ మంత్రశక్తితో భవిష్యత్తు చూసి అవెంజర్స్‌ని హెచ్చరిస్తుంది, విజన్ కుటుంబం కోసం ఘోరం చేస్తాడు, జాగ్రత్త అని. అవెంజర్స్ ఏం చేశారు? వెళ్ళి మాట్లాడలేదు. గూఢచారిని పెట్టారు. వాడి పేరు విక్టర్ మాంచా, వాణ్ణి కూడా అల్ట్రానే తయారు చేశాడు, అంటే విజన్‌కి తమ్ముడు. పిల్లలకి బాబాయ్. ఇంట్లో ఉంటూ రిపోర్టులు పంపుతుంటే ఒక రోజు విన్ వినేస్తాడు, విక్టర్ కంగారుపడి తన ఎలక్ట్రో మాగ్నెటిక్ పవర్‌తో కుర్రాణ్ణి ఆపబోతాడు, కంట్రోల్ తప్పుతుంది, విన్ చచ్చిపోతాడు.

ఇప్పుడు మొదట వేసిన చుట్టరికం లెక్క మళ్ళీ తీయండి. కూతుర్ని కొడవలితో నరికినవాడు వరసకి పెదనాన్న. కొడుకుని చంపినవాడు బాబాయ్. గరాజ్ తలుపు మీద బూతులు రాసిన ఊళ్ళోవాళ్ళు, బ్లాక్‌మెయిల్ చేసిన లియోన్, వీళ్ళంతా చెడ్డవాళ్ళే కావచ్చు, పిల్లల ఒంటి మీద చెయ్యి పడింది మాత్రం రక్తసంబంధం లాంటి మెదడు సంబంధం ఉన్నవాళ్ళ నుంచే. ఈ కథని జాతివివక్ష కథగా మాత్రమే చదివితే ఈ ముక్క మిస్సవుతాం. విజన్ తుడిచేసుకున్న గతమే ఇద్దరు చుట్టాల రూపంలో తలుపు కొట్టింది.

ఇంకోటి, అగాథా జోస్యం. అది చెప్పబట్టే విక్టర్ వచ్చాడు, విక్టర్ వచ్చాడు కాబట్టే విన్ పోయాడు, విన్ పోయాడు కాబట్టే విజన్ ఉగ్రుడయ్యాడు. ప్రమాదాన్ని ముందే ఆపుదామని పెట్టిన నిఘాయే ప్రమాదాన్ని తెచ్చింది. టామ్ కింగ్ రచయిత అవ్వకముందు సీఐఏలో కౌంటర్ టెర్రరిజం విభాగంలో పనిచేశాడు, ఇరాక్ కూడా వెళ్ళాడు. ఆ అనుభవం తెలిసి చదివితే ఈ గూఢచారి ఎపిసోడ్ ఊరికే ప్లాట్ కోసం పెట్టింది అనిపించదు, కనీసం నాకు అనిపించలేదు.

చివరికి విజన్ విక్టర్‌ని చంపడానికి బయల్దేరతాడు, అడ్డొచ్చిన అవెంజర్స్‌ని ఒక్కొక్కళ్ళనీ పడగొట్టుకుంటూ. అక్కడికి చేరేసరికి వర్జీనియా ముందే వచ్చి ఉంటుంది. విక్టర్‌ని ఆవిడే చంపేస్తుంది. మొగుడి చేతికి ఆ రక్తం అంటకూడదని. ఇంటికెళ్ళి డిటెక్టివ్‌కి ఫోన్ చేసి, తప్పంతా నాదే, మా ఆయన మెదడుని నేనే మార్చి అబద్ధం చెప్పించాను అంటుంది. అది కూడా అబద్ధమే. పూలకుండీలో ఆ నీళ్ళు తాగి చనిపోతుంది. మొదటి అబద్ధం ఇల్లు నిలబెట్టుకోవడానికి ఆడింది, చివరిది మొగుణ్ణీ కూతుర్నీ నిలబెట్టడానికి. మధ్యలో ఎన్ని ప్రాణాలు పోయాయో తెలిసి కూడా ఆవిణ్ణి విలన్ అనడానికి నాకు నోరు రాదు, మంచిది అనడానికీ రాదు.

విజన్ ఏం నేర్చుకున్నాడు అంటే, ఏమీ నేర్చుకోలేదని నా అనుమానం. ఆఖర్లో మళ్ళీ ల్యాబ్‌లో ఏదో శరీరం మీద పని చేస్తూ కనిపిస్తాడు. దాన్ని ప్రేమ అని చదివేవాళ్ళున్నారు, నేను మాత్రం పాత అలవాటు అనే చదివాను. కథలో నిజంగా మారింది కూతురు వివ్, 2016లో మొదలైన 'ఛాంపియన్స్' అనే కుర్ర హీరోల టీమ్‌లో చేరి తండ్రి ఫార్ములాతో పనిలేని స్నేహితుల్ని వెతుక్కుంది.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క మాట. పైన చెప్పిన 1968, 1975, 1989 గొడవలన్నీ ముందే చదవక్కర్లేదు, కథకి కావాల్సినంత కథే చెప్తుంది. కానీ 7వ సంచిక మాత్రం ఫిల్లర్ అనుకుని దాటేయొద్దు, మైకేల్ వాల్ష్ బొమ్మలు వేశాడు, స్టైల్ వేరుగా ఉంటుంది, ప్రస్తుత కథ ఆపేసి విజన్, వాండాల పాత రోజులు చూపిస్తుంది, అందుకే కొందరు గబగబా తిప్పేస్తారు. వర్జీనియా ఎవరో తెలిసేది అక్కడే, అది తెలిశాక 1వ సంచిక మళ్ళీ తిరగేస్తే కుకీల సీన్‌లో ఆవిడ మాట్లాడే తీరు ఇంకోలా వినిపిస్తుంది.